చెరువు తెగితే... రైలాగుతుంది!

రైలుకు ఎదురేముంది అనుకుంటాం. ఎండైనా వానైనా, పండగైనా పబ్బమైనా, ఓ గంట అటూ ఇటూగా వచ్చేస్తుందని ధీమా. నిజానికి వెయ్యి టన్నుల పైచిలుకు బరువుండే ఆ బండిని మోసేది రెండు ఇనుప పట్టాలు, వాటి కింద మూరెడు లోతు కూడా లేని కంకర, ఆ కింద మట్టికట్ట. నీళ్లకు లోకువైంది ఆ మట్టే! మరి ఎంత వానకు అది నిలుస్తుంది? ఎంత ఎండకు పట్టా వంకర పోకుండా ఉంటుంది? ఒకవేళ తెగితే ఎన్నాళ్లకు మళ్లీ బండి కూత వినిపిస్తుంది? వాతావరణం మారుతున్న ఈ రోజుల్లో ప్రపంచమంతా రైల్వేలను ఇలాగే కొలిచి చూస్తోంది. ఆ కొలతలేమిటో తెలుసుకోవాలంటే పెద్ద పుస్తకాలు తిరగేయక్కర్లేదు. కాజీపేటలో బయల్దేరి విజయవాడ దాకా ఒక్కసారి వెళ్లొస్తే చాలు.

ఉత్తరాదిని దక్షిణాదితో కలిపే నడిదారి ఇది. నిజాం కాలంలో వేసిన లైను 1889లో బెజవాడను చేరింది. 1929లో కాజీపేట - బల్లార్షా మార్గం పూర్తయ్యాక మద్రాసు నుంచి ఢిల్లీకి వెళ్లే బళ్లకు ఇదే దగ్గరి దారి అయింది. మొత్తం 200 కిలోమీటర్ల పైచిలుకు. తమిళనాడు ఎక్స్‌ప్రెస్, కేరళ ఎక్స్‌ప్రెస్ లాంటివి దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయేదీ, నెక్కొండలోనో గార్లలోనో సంచులతో ఎదురుచూసేవాళ్ల కోసం చిన్న బండి ఆగేదీ ఈ పట్టాల మీదే.

వరంగల్ దాటాక కిటికీలోంచి చూస్తే నేల మెల్లగా ఒకవైపుకి వాలుతున్నట్టు అనిపిస్తుంది. పత్తి చేలు, మిర్చి తోటలు, మధ్యమధ్య తాటిచెట్లు. కాస్త పరికించి చూస్తే ప్రతి రెండు మూడు కిలోమీటర్లకూ ఓ చిన్న కల్వర్టు. దాని కింద ఎండాకాలంలో మేకలు పడుకుంటాయి. పైన ఎక్కడో ఓ చెరువు, దాని అలుగు నీళ్లు కిందికి పోవడానికి ఈ కల్వర్టు. పేరు కూడా లేని ఆ కానాల మీదే ఇంత పెద్ద రైలుమార్గం భద్రత ఆధారపడి ఉందంటే నమ్మడం కష్టం.

ఆ రాత్రి ఇంటికన్నె దగ్గర...

2024 ఆగస్టు 31 రాత్రి. మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల మీద మేఘం విరిగిపడినంత పనైంది. పలుచోట్ల 30 సెంటీమీటర్లు దాటిన వాన. పేపర్లో చదివితే చిన్న అంకెలా ఉంటుంది కానీ, 30 సెంటీమీటర్ల వాన ఒక చదరపు కిలోమీటరు మీద పడితే 30 కోట్ల లీటర్లు. పది వేల లీటర్లు పట్టే ట్యాంకర్లలో నింపితే 30 వేల ట్యాంకర్లు! అలాంటి చదరపు కిలోమీటర్లు వందలకొద్దీ. ఆ నీళ్లన్నీ ఒక్క రాత్రిలో వాగుల్ని, చెరువుల్ని వెతుక్కుంటూ వెళ్లాయి.

తెల్లారేసరికి ఇంటికన్నె - కేసముద్రం మధ్య రైలు కట్ట కోసుకుపోయింది. కంకరా మట్టీ కొట్టుకుపోయి, సిమెంటు స్లీపర్లతో సహా పట్టాలు తాళ్ల నిచ్చెనలా గాల్లో వేలాడాయి. ఆ ఫొటోలు అప్పట్లో చూడనివాళ్లు లేరు. వాటిని చూసి 'అమ్మో' అనుకున్నాం గానీ, అందులో అసలు భయపడాల్సిన సంగతి ఫొటోలో కనబడదు. వేలాడుతున్న పట్టా తెగలేదు. పట్టా తెగితే దాంట్లో ప్రవహించే సన్నటి కరెంటు ఆగిపోయి సిగ్నల్ ఎర్రబడే ఏర్పాటు రైల్వేలో ఎప్పట్నుంచో ఉంది. కానీ కింద మట్టి లేకపోయినా పైన ఇనుము అతుక్కునే ఉంటే కరెంటు పోతూనే ఉంటుంది. సిగ్నల్ పచ్చగానే వెలుగుతుంది! రెండు బళ్లు ఢీకొనకుండా కాపాడే 'కవచ్' గురించి ఈమధ్య చాలా వింటున్నాం. మంచి ఏర్పాటే. అయితే పట్టాల కింద కంకర లేదన్న సంగతి దానికీ తెలియదు.

మరి తెలిసేది ఎవరికి? వానలో నడిచే మనిషికి. వర్షాకాలం వచ్చిందంటే లైను పొడవునా రాత్రిళ్లు గస్తీ మొదలవుతుంది. ఒక్కొక్కరికి ఇన్ని కిలోమీటర్లని బీటు. చేతిలో లాంతరు లేదా టార్చి, విజిల్, ఎర్రజెండా, ఇప్పుడు ఎక్కడున్నారో చూపించే జీపీఎస్ పరికరం. సంచిలో డిటొనేటర్లు. ఎక్కడైనా కట్ట తెగిందని తెలిస్తే అక్కణ్నుంచి 600 మీటర్ల దూరంలో ఒకటి, 1,200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు పట్టాకు బిగించాలి. ఇంజిను చక్రం వాటి మీదికి ఎక్కగానే పెద్ద టపాకాయల్లా పేలతాయి. ఎంత వాన హోరులోనైనా డ్రైవరుకు ఆ చప్పుడు వినిపిస్తుంది. నూట యాభై ఏళ్ల నాటి పద్ధతికి దగ్గరదే. ఇవ్వాళ్టికీ దీనికి మించింది దొరకలేదు. కేసముద్రం దగ్గర లైను కొట్టుకుపోయిందని సిబ్బంది పసిగట్టడం, బళ్లను ముందు స్టేషన్లలోనే ఆపేయడం వల్ల ఆ రోజు రైలు ప్రమాదమన్న మాట వినలేదు. సెప్టెంబరు 1న తెగిన లైను మీద వందలమంది కూలీలు, యంత్రాలు రాత్రింబవళ్లు పనిచేస్తే 4వ తేదీన ఒక పట్టా మీద బండి నత్తనడకన కదిలింది. ఈలోపు రద్దయిన రైళ్లు 400కు పైగా.

ప్రాణనష్టం లేకుండా బయటపడ్డాం కదా అని దీన్ని అదృష్టం కింద జమ కట్టేస్తే పొరపాటు. ఎందుకంటే ఇదే నేల మీద అదృష్టం లేని రోజులూ ఉన్నాయి.

గొలుసు చివర రైలుకట్ట

2005 అక్టోబరు 29. దీపావళికి మూడు రోజుల ముందు. రేపల్లె నుంచి వస్తున్న డెల్టా ప్యాసింజర్ తెల్లవారుజామున వలిగొండ దగ్గర చిన్న వంతెన మీదికి వచ్చింది. వచ్చేసరికి అక్కడ వంతెన లేదు. పైనున్న చెరువు తెగి వచ్చిన వరద దాన్ని ఎత్తుకుపోయింది. 114 మంది చనిపోయారు. అదే సాయంత్రం ఢిల్లీలో వరుస బాంబు పేలుళ్లు జరగడంతో దేశం చూపు అటు మళ్లింది. వలిగొండ పేరు బయటివాళ్లు తొందరగానే మర్చిపోయారు.

అంతకు ముందు 1956 సెప్టెంబరులో జడ్చర్ల - మహబూబ్‌నగర్ మధ్య ఇలాగే వంతెన కూలి వందమందికి పైగా పోయారు. అప్పుడు రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరక్కుండానే తమిళనాడులోని అరియలూరులో మరో వంతెన. ఈసారి శాస్త్రి పట్టు వదల్లేదు. ఆయన రాజీనామా కథ పిల్లల పాఠాల్లోకి ఎక్కింది గానీ, రెండు చోట్లా బండిని ముంచింది నీళ్లేనన్న సంగతి ఎంతమందికి గుర్తుంది?

తెలంగాణ నేలది గొలుసుకట్టు చెరువుల లెక్క. కాకతీయుల కాలం నుంచీ పై చెరువు నిండి అలుగు పోస్తే కింది చెరువుకు, అది నిండితే ఆ కిందిదానికి. వాననీటిని బొట్టు వృథా పోనీయని గొప్ప ఏర్పాటు. దాంట్లోనే ఓ చిక్కూ ఉంది. పై చెరువు గట్టు తెగిందంటే కింది చెరువు మీద దాని నీళ్లూ వీటి నీళ్లూ కలిపి పడతాయి. అది కూడా తెగితే మూడోది. ఇలా తెగుకుంటూ వచ్చిన నీళ్లకు ఆఖరికి అడ్డం నిలిచేది రైలు కట్ట. వాన లెక్కతో కట్టిన కల్వర్టుకు మూడు చెరువుల నీళ్లు ఒక్కసారి మీదపడితే ఏం చేస్తుంది!

రైల్వేకు ఈ సంగతి తెలియక కాదు. పట్టాలకు ముప్పు తేగల చెరువులు, ఆనకట్టలు, కాలువల జాబితా ఒకటి దాని దగ్గర ఉంటుంది. 'రైల్వే ఎఫెక్టింగ్ వర్క్స్' అని దాని పేరు. ఏటా వానలకు ముందు రైల్వే ఇంజినీర్లు, రాష్ట్ర నీటిపారుదల శాఖవాళ్లు కలిసి ఆ గట్లు, అలుగులు, తూములు చూడాలి. బలహీనంగా ఉన్నవి రాసుకోవాలి. రాసేవాళ్లు రైల్వేవాళ్లు, బాగుచేయాల్సింది రాష్ట్రం. గట్టేమో ఊరిది. ఓ చెరువు గట్టుకు పడిన ఎలుక బొరియ మీద ఢిల్లీ బండి ఆధారపడినప్పుడు, ఆ బొరియ పూడ్చే ఖర్చు ఎవరి పద్దులో పడాలన్నది చూడబోతే చిన్న విషయం. ఫైళ్లలో మాత్రం ఎంత పెద్దదో అటు తిరిగినవాళ్లకే తెలుసు.

ఇది తెలంగాణ గొడవే అనుకోనక్కర్లేదు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో పింఛా, అన్నమయ్య ప్రాజెక్టుల కట్టలు ఒకదాని వెనక ఒకటి తెగాయి. రాజంపేట - నందలూరు మధ్య ముంబయి - చెన్నై రైలుమార్గం కొట్టుకుపోయింది. అక్కడా వేలాడే పట్టాలే.

యాభై ఏళ్ల వరద అంటే?

వాగు ఒడ్డున నిలబడి రైలు వంతెన స్తంభాలను ఎప్పుడైనా గమనించారా? ఓ చోట అడుగు వెడల్పున ఎర్రటి పట్టీ కనిపిస్తుంది. అదే ప్రమాద స్థాయికి గుర్తు. నీళ్లు దాన్ని దాటాయంటే బండి ఆగాల్సిందే. ఇంజినీరు వచ్చి చూసి సరేననేదాకా కదలదు. ఆ చుట్టుపక్కలే ఇప్పటిదాకా వచ్చిన గరిష్ఠ వరద ఎక్కడి వరకో కూడా గీసి ఉంటుంది. రైలు బలాన్ని కొలిచే మొట్టమొదటి స్కేలు అదే.

మన దగ్గర మామూలు రైలు వంతెనకు దారి వదిలేటప్పుడు యాభై ఏళ్లకోసారి వచ్చే వరదను లెక్కలోకి తీసుకుంటారు. ముఖ్యమైన వాటికైతే వందేళ్లది. ఈ మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఒకసారి వచ్చింది కనుక ఇక యాభై ఏళ్లు నిశ్చింత అని దాని అర్థం కాదు. ఏ సంవత్సరమైనా ఆ వరద వచ్చే అవకాశం నూటికి రెండు వంతులని. ఏటా నూటికి రెండంటే చిన్నదే. యాభై ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం లెక్కేస్తే నూటికి 64 వంతులు! ఒక్క వంతెనకే ఇంత. మన ఇంటికన్నె లాంటి చోట ఒక దాని తర్వాత ఒకటిగా ఎన్ని కానాలున్నాయో గుర్తు తెచ్చుకుంటే, అందులో ఏదో ఒకటి ఏదో ఒక ఏడు తెగడం వింత కాదు.

పైగా ఈ లెక్కంతా పాత వానల మీద కట్టింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే నూటికి ఏడు వంతుల దాకా ఎక్కువ తేమను పట్టుకోగలదు. మోసేది ఎక్కువైతే కుమ్మరించేదీ ఎక్కువే. మొన్నటి యాభై ఏళ్ల వరద రేపు ముప్పై ఏళ్లకో, ఇరవై ఏళ్లకో దిగితే ఎర్ర పట్టీ ఉన్నచోటే ఉంటుంది, నీళ్లే పైకి వస్తాయి.

కేసముద్రం, తాళ్లపూసపల్లి, మహబూబాబాద్, గుండ్రాతిమడుగు, గార్ల దాటితే డోర్నకల్ జంక్షన్. భద్రాచలం రోడ్డు వైపు బొగ్గు లైను ఇక్కణ్నుంచే చీలుతుంది. 2025 అక్టోబరు నెలాఖరులో మొంథా తుపాను కోస్తాలో తీరం దాటింది. సముద్రానికి ఇంత దూరాన ఉన్న డోర్నకల్‌లో పట్టాల మీదికి నీళ్లొచ్చి బళ్లు నిలిచిపోయాయి. తుపానంటే సముద్రపు ఒడ్డు వాళ్ల బాధ అనుకునే రోజులు పోయాయి. కేసముద్రం తర్వాత ఏడాది రెండు నెలలకే ఇది. యాభై ఏళ్ల లెక్క ఎవరికి చెప్పుకోవాలి!

ఖమ్మం చేరేలోపు ఆకేరు, మున్నేరు, బుగ్గేరు కలిసిపోతాయి. తీర్థాల దగ్గర ఆ సంగమం. శివరాత్రికి జాతర జరిగేచోటు. వానాకాలంలో వణికించే ఈ ఊరు ఎండాకాలంలో మరో పరీక్ష పెడుతుంది. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు కొత్త కాదు. గాలికంటే పట్టా వేడి ఎంతో ఎక్కువ. కిలోమీటరు పొడవున్న ఉక్కు 40 డిగ్రీల మేర వేడెక్కితే దాదాపు 46 సెంటీమీటర్లు సాగాలి. వెనకటి పట్టాలకు అతుకుల దగ్గర సందులుండేవి, టకటకమని చప్పుడు వచ్చేది. ఇప్పుడవి కిలోమీటర్ల కొద్దీ అతికేసినవి. సాగడానికి చోటు లేక ఒత్తిడి లోపలే దాచుకుంటాయి. కంకర వదులైన చోట పామల్లే పక్కకు మెలిక తిరుగుతాయి. అందుకే వేడి హద్దు దాటితే మధ్యాహ్నం ఎండలో మళ్లీ గస్తీ. వానలో నడిచిన మనిషే ఎండలోనూ నడవాలి.

ఎవరి లెక్క?

ప్రపంచంలో రైల్వేల గట్టిదనాన్ని కొలిచేవాళ్లు సాధారణంగా రెండు చూస్తారు. దెబ్బ తగిలినప్పుడు సేవలు ఎంత కిందికి పడిపోయాయి? మళ్లీ మామూలు స్థితికి ఎన్నాళ్లకు లేచాయి? ఈ రెండో కొలతలో మన రైల్వేకు మంచి మార్కులే వేయాలి. మూడు నాలుగు రోజుల్లో కట్ట పోసి బండి నడపడం చిన్న పని కాదు.

కాకపోతే బండి నడిచిందా లేదా అన్నది రైల్వే లెక్క. మనిషి ఇల్లు చేరాడా లేదా అన్నది ప్రయాణికుడి లెక్క. రెండూ ఒకటి కావు. కాజీపేట లైను తెగినప్పుడు దూరపు బళ్లకు గుంటూరు, నల్గొండ, పగిడిపల్లి మీదుగా వేరే దారి ఉంది. సికింద్రాబాద్ నుంచి విజయవాడ వెళ్లాల్సిన మనిషి ఆలస్యంగానైనా చేరతాడు. కేసముద్రం నుంచి వరంగల్ ఆస్పత్రికి వెళ్లాల్సిన ముసలమ్మకు ఆ దారి ఎందుకూ కొరగాదు. మధిర నుంచి ఖమ్మం కాలేజీకి వెళ్లే కుర్రాడికీ అంతే. 2024లో అటు హైదరాబాద్ - విజయవాడ జాతీయ రహదారి కూడా మునగడంతో బస్సూ లేదు, బండీ లేదు. రద్దయిన టికెట్టు డబ్బులు వెనక్కి వస్తాయి. జనరల్ టికెట్టు కొనకముందే వెనుదిరిగినవాళ్లు ఎవరి లెక్కలోనూ ఉండరు.

ఇక ఆ వేరే దారి సంగతి. గుంటూరు - బీబీనగర్ లైను చాలాభాగం ఒంటి పట్టాతోనే నడుస్తూ వచ్చింది. 239 కిలోమీటర్ల మేర రెండో లైనుకు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆపద్ధర్మంగా అన్ని బళ్లనూ మళ్లించే ఆ మార్గంలోనే వలిగొండ ఉంది! అసలు దారికీ మారు దారికీ పైన చెరువులే, ఒకే మేఘం. ఇక్కడ కాజీపేట వైపు మూడో లైను కూడా వేస్తున్నారు. రద్దీకి అది అవసరమే. వరద ముందు మాత్రం పక్కపక్కనే మూడు లైన్లున్నా ఒకే కట్ట కింద లెక్క. తెగితే మూడూ తెగుతాయి.

బండిని ఎక్కడ ఆపుతామన్నది కూడా కొలవాల్సిందే. 2023 డిసెంబరులో తమిళనాడులో తిరుచెందూరు ఎక్స్‌ప్రెస్‌ను ముందు పట్టాలు కొట్టుకుపోవడంతో శ్రీవైకుంఠం స్టేషన్లో నిలిపేశారు. అలా ఆపడం వల్లే 800 మంది దాకా బతికి బయటపడ్డారు. అయితే ఆ స్టేషన్ చుట్టూ నీళ్లు. రోడ్డు లేదు. తిండీ నీళ్లూ అందించడానికి హెలికాప్టర్ రావాల్సి వచ్చింది. ఏ స్టేషన్ మెరకలో ఉంది, ఏ స్టేషన్ నుంచి బస్సు బయటపడగలదు, ఎక్కడ వెయ్యిమందికి ఒక పూట తాగునీరు దొరుకుతుంది? వానాకాలానికి ముందే ఇలాంటి పట్టిక స్టేషన్ మాస్టర్ బల్ల మీద ఉంటే, ఏ బండిని ఎక్కడ నిలపాలో చీకట్లో తడుముకోనక్కర్లేదు. పెద్ద ఖర్చున్న పనీ కాదు.

ఎర్రుపాలెం దాటి, కొండపల్లి బొమ్మల ఊరు దాటితే రాయనపాడు. వ్యాగన్ల వర్క్‌షాపు ఉన్నచోటు. మామూలు రోజుల్లో చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఈ స్టేషన్ వంక చూడకుండానే వెళ్లిపోతాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి స్టేషన్ మునిగినప్పుడు తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఇక్కడే ఆగింది. ఇటు రాయనపాడు, అటు కొండపల్లిలో చిక్కుపడ్డ ప్రయాణికులు సామాన్లు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని బస్సులెక్కి విజయవాడ చేరారు. రాయనపాడు నుంచి విజయవాడ స్టేషన్‌కు మహా అయితే పది కిలోమీటర్లు.